ఉమ్మడి పేరు, సొంత సంతకం: బాబ్ మోల్డ్ సంగీత ప్రస్థానం

పాశ్చాత్య రాక్ సంగీతంలో నలుగురు యువకులు కలిసి ఒక బృందంగా ఏర్పడడం, పేరు గడించడం, పిమ్మట పొరపొచ్చాలు వచ్చి విడిపోవడం సర్వసాధారణమైన విషయం. విడిపోయిన వారిలో ఒకరిద్దరు సొంత పేర్లతో రికార్డులు వెలువరించడం, అవి కొంతకాలం చెలామణి అయి క్రమంగా మరుగున పడడం కూడ అంతే సాధారణం. అయితే ఈ కథ ఒక్కసారితో ముగియక, ఒకే కళాకారుని జీవితంలో నాలుగున్నర దశాబ్దాలుగా పలుమార్లు పునరావృతం కావడం అరుదు. పద్దెనిమిదేళ్ళ వయస్సులో ఒక బృందంలో భాగస్వామియై, దానిని విడిచి ఒంటరిగా పాడి, మరల ఒక బృందాన్ని కట్టి, దానిని కూడ చాలించి తిరిగి ఒంటరియై, అరవై దాటిన తరువాత ఆ రెండవ బృందాన్ని మళ్ళీ కూడగట్టిన అమెరికన్ గాయకుడు, గేయకర్త, గిటారిస్టు బాబ్ మోల్డ్ అట్టి అరుదైన వారిలో ఒకరు. మన సంస్థలలోనయితే ఆ వయస్సుకు శాలువ, పూలదండ, సన్మానపత్రం అందుకుని ఇంటికి చేరుకుని ఉంటాము.

ఆయన పేరు మన పాఠకులలో అధిక సంఖ్యాకులకు పరిచితం కాకపోవచ్చును. అయినప్పటికీ 1990ల ఆరంభంలో ప్రపంచమంతటా యువతను ఉర్రూతలూగించిన నిర్వాణా వంటి బృందాల వెనుక మోల్డ్ తొలి బృందమైన హూస్కర్ డూ ప్రభావం గాఢంగా ఉన్నదని ఆ కళాకారులే అంగీకరించారు. 1986లో బోస్టన్ నగరంలో పిక్సీస్ అనే బృందం బాస్ గిటారు వాయించే వారి కొరకు ఒక ప్రకటన ఇచ్చింది. అభ్యర్థికి ఉండవలసిన అర్హత ఏమంటే హూస్కర్ డూ అన్నా, పీటర్ పాల్ అండ్ మేరీ అన్నా ఇష్టం ఉండాలి. మొదటిది చెవులు చిల్లులు పడే మోత; రెండవది మెత్తని జానపద గానం. ఈ రెండింటినీ ఒకే నోటితో కోరిన ఆ ప్రకటనకు స్పందించినవారు కిమ్ డీల్ అనే యువతి ఒక్కరే. ఆమె తరువాత పేరుపొందిన కళాకారిణి అయినారు. మోత, మాధుర్యం ఒకే పాటలో ఇమడగలవని అప్పటికే నిరూపించిన వాడు మోల్డ్ కనుకనే అట్టి ప్రకటన సాధ్యమైనది.

ఇక్కడ ఒక మాట. ‘ఇండీ’ అనగానే మనవారికి 90వ దశకంలో టెలివిజన్ తెరలపై మార్మోగిన ఇండిపాప్ గుర్తుకు రావచ్చును. ఆ రెంటికీ చుట్టరికం లేదు. పెద్ద రికార్డు కంపెనీల అండ లేకుండా, చిన్నపాటి స్వతంత్ర సంస్థల ద్వారా తమ సంగీతాన్ని తామే రికార్డు చేసుకుని, తామే వ్యానులో వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకున్న వారి సంగీతానికి ఇండీ అని పేరు వచ్చింది. అమెరికాలో 1980లలో ఈ పద్ధతి ఒక ఉద్యమస్థాయిని అందుకున్నది.

మూడు వాద్యాలు, ఇద్దరు రచయితలు

మోల్డ్ 1960 అక్టోబరు 16న న్యూయార్క్ రాష్ట్రపు ఉత్తరపు కొసన, కెనడా సరిహద్దుకు చేరువన ఉన్న మలోన్ అనే చిన్న ఊరిలో జన్మించారు. జూక్‌బాక్స్‌లలో వాడి తీసివేసిన పాత రికార్డులను తండ్రి చవకగా కొని తెచ్చేవారు. ఆ విధంగా 1960ల నాటి పాప్ గీతాల రాగమాధుర్యం బాల్యంలోనే ఆయన చెవికి అలవడింది. 1976లో రామోన్స్ బృందం తొలి రికార్డు విని, తానూ ఇట్టి సంగీతం చేయగలనన్న నమ్మకంతో గిటారు చేపట్టారు. 1978లో మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్ నగరానికి, మెకలెస్టర్ కళాశాలలో చదువు నిమిత్తం వచ్చారు. వసతి గృహానికి కూతవేటు దూరంలో ఒక చిన్న రికార్డుల దుకాణం. గుమ్మం వద్ద పెట్టిన స్పీకర్ల నుంచి పంక్ సంగీతం హోరెత్తుతూ ఉండగా లోనికి వెళ్ళి చూస్తే దుకాణంలో ఉన్నది ఒకే ఒక్క కుర్రవాడు. అతని పేరు గ్రాంట్ హార్ట్. ఈ సమాగమాన్ని దాదాపు నలభై ఏళ్ళ తరువాత మోల్డ్ స్వయంగా స్మరించుకున్నారు. ఏ సందర్భంలోనో ముందు చెప్పగలము.

హార్ట్ డ్రమ్స్, గ్రెగ్ నార్టన్ బాస్, మోల్డ్ గిటారు. ఈ ముగ్గురితో 1979లో బృందం ఏర్పడింది. ‘గుర్తున్నదా?’ అని అర్థం వచ్చే ఒక స్కాండినేవియన్ బోర్డు ఆట పేరును తమ బృందానికి పెట్టుకున్నారు.

మన కచేరీ సంప్రదాయానికి అలవాటుపడిన వారికి రాక్ బృందపు అమరిక కొంత వింతగా తోచవచ్చును. మన కచేరీ గాయకుని పేరు మీద జరుగుతుంది. వయొలిన్, మృదంగం వాయించేవారు ఎంతటి విద్వాంసులైనా పక్కవాద్యం వారే. నేడు ఒకరితో, రేపు మరొకరితో వేదికనెక్కుతారు. ఎవరి స్థానమేమిటో కరపత్రంలోనే అచ్చయి ఉంటుంది. రాక్ బృందంలో అట్లు కాదు. పేరు అందరిదీ. పాట ఒకరు కట్టినా అది బృందం పాటగానే లోకానికి తెలుస్తుంది. ఒకరు తప్పుకుంటే ఆ పేరుకే మనుగడ ఉండకపోవచ్చును. సినిమా రంగంలో శంకర్-జైకిషన్ వంటి జంట పేర్లు ఇందుకు కొంత దగ్గరి పోలిక. హూస్కర్ డూలో మరొక మెలిక కూడ ఉన్నది. ముగ్గురిలో ఇద్దరు, అనగా మోల్డ్, హార్ట్, గేయకర్తలు. ఎవరి పాట వారే కట్టి వారే పాడేవారు. ఒకరిని మించి మరొకరు వ్రాయాలన్న పట్టుదల ఆ బృందాన్ని ఆరేడేళ్ళు పరుగులు తీయించింది. అదే పట్టుదల దానిని పడగొట్టింది కూడ.

తొలినాళ్ళలో వారి వేగం ఎంతటిదంటే, 1982లో వచ్చిన మొదటి ఆల్బమ్‌కు ‘ల్యాండ్ స్పీడ్ రికార్డ్’ అని పేరు పెట్టారు. మాటలు అందవు, రాగం అందదు, కేవలం వేగం. నిజం చెప్పాలంటే నేడు దానిని ఆసాంతం వినడం ఓపికకు పరీక్షయే. కాని రెండేళ్ళు తిరిగేసరికి అదే ముగ్గురు ‘జెన్ ఆర్కేడ్’ అనే జంట ఆల్బమ్‌ను వెలువరించారు. ఇల్లు విడిచి వెళ్ళిన ఒక బాలుడు బయటి ప్రపంచం ఇంటికంటె కఠినమైనదని గ్రహించడం అందులోని కథావస్తువు. 1983 అక్టోబరులో కాలిఫోర్నియాలో ఆ పాటలను రికార్డు చేశారు. దాదాపు పాటలన్నీ మొదటి ప్రయత్నంలోనే ముగిశాయి. రికార్డింగు, మిక్సింగు కలిపి పట్టిన కాలం సుమారు 85 గంటలు; అందులో మిక్సింగు నలభై గంటలు ఏకబిగిన సాగింది. మొత్తం ఖర్చు 3,200 డాలర్లు. 1984 జులైలో ఎస్‌ఎస్‌టి అనే చిన్న సంస్థ దీనిని విడుదల చేసినప్పుడు, ఇంత గిరాకీ ఉంటుందని ఊహించక తక్కువ ప్రతులు ముద్రించింది. అవి త్వరలోనే చెల్లిపోయి కొంతకాలం రికార్డు దొరకని పరిస్థితి ఏర్పడింది. ఉత్పత్తి, పంపిణీ విభాగాల నడుమ సమన్వయం కొరవడితే ఏమగునో మన పాఠకులకు వేరే వివరించనక్కరలేదు.

మోల్డ్ గిటారు గురించి కొంత చెప్పుకోవాలి. ముగ్గురే ఉన్న బృందంలో గిటారు ఒక్కటే కనుక అది ఇద్దరి పని చేయవలసి ఉంటుంది. ఆయన కొన్ని తీగలను వేలితో నొక్కక వదిలివేసి నిరంతరం మ్రోగనిస్తూ, తక్కిన తీగలపై స్వరాలను కదుపుతారు. విద్యుత్ సాధనాల ద్వారా ఆ నాదాన్ని గరుకుగా, దట్టంగా చేస్తారు. వినేవారికి మొదట ఒక గోడ వలె వినిపించే ఆ మోతలో చెవి కొంత నిలిపితే, అడుగున తంబురా శ్రుతి వంటి ఒక స్థిరమైన నాదం, దానిపై చక్కని పాట వరస వినవస్తాయి. పెద్దలు దీనిని గోల అని తోసిపుచ్చడం సహజమే. పక్కగదిలో ఉండి వింటే మాకు కూడ గోలగానే తోస్తుంది; ఎదుట కూర్చుని వింటే అభిప్రాయం మారుతుంది.

1985 జనవరిలో ‘న్యూ డే రైజింగ్’, అదే ఏడు సెప్టెంబరులో ‘ఫ్లిప్ యువర్ విగ్’. ఒకే సంవత్సరంలో రెండు ఆల్బమ్‌లు! నడుమ అడపాదడపా కాదు, ఎడతెగని ప్రయాణాలు. కచేరీల ఏర్పాట్లు, జమాఖర్చుల లెక్కలు అధికభాగం మోల్డ్ చూసుకునేవారు.

లెక్కకు వచ్చిన పాటలు

స్వతంత్ర సంస్థల నుంచి వచ్చిన అమెరికన్ బృందాలలో పెద్ద కంపెనీతో ఒప్పందం కుదుర్చుకున్న తొలి వారిలో హూస్కర్ డూ ఒకటి. వార్నర్ బ్రదర్స్ సంస్థతో కుదిరిన ఈ ఒప్పందంలో తమ సంగీతంపై సంపూర్ణాధికారం తమదేనన్న షరతును వారు నిలుపుకున్నారు. 1986లో ‘క్యాండీ యాపిల్ గ్రే’, 1987 జనవరిలో ‘వేర్‌హౌస్: సాంగ్స్ అండ్ స్టోరీస్’ వెలువడ్డాయి. రెండవది జంట ఆల్బమ్. అందులో ఇరవై పాటలు. మోల్డ్‌వి పదకొండు, హార్ట్‌వి తొమ్మిది.

ఈ అంకెలు చిన్నవిగా కనిపించవచ్చును. కాని ఎవరి పాటలు ఎన్ని అని లెక్క తీయవలసి రావడమే ఆ బృందం లోపలి స్థితిని తెలియజేస్తుంది. ఒకనాడు ఒకరి పాట విని మరొకరు అంతకు మించిన పాట కట్టుకుని వచ్చేవారు. ఇప్పుడు వాటాల పంపకం మిగిలింది. ఉమ్మడి కుటుంబంలో వంటింటి గిన్నెలపై పేర్లు చెక్కించడం మొదలయినదంటే వేరు కాపురాలకు ఎంతో కాలం పట్టదని మన పెద్దలకు తెలుసు. ఈలోగా మరికొన్ని కష్టాలు తోడయినాయి. మోల్డ్ 1986లో మద్యపానం మానివేశారు. హార్ట్ హెరాయిన్ అనే మాదకద్రవ్యానికి అలవాటుపడ్డారు. 1987లో, సంగీత యాత్ర ఆరంభం కానున్న తరుణంలో, వారి యువ మేనేజరు ఆత్మహత్య చేసుకున్నాడు. కార్యభారమంతా తిరిగి సభ్యుల మీద పడింది. ఆ ఏడు డిసెంబరులో మిస్సోరి రాష్ట్రంలో చివరి కచేరీ జరిగింది. తక్కిన యాత్ర రద్దయింది. 1988 జనవరిలో మోల్డ్ తప్పుకున్నారు, బృందం ముగిసింది.

ఎవరిది తప్పు అన్న చర్చ అభిమానుల నడుమ నేటికీ సాగుతూనే ఉన్నది. మేము ఆ తీర్పు చెప్పబోము. నార్టన్ మాత్రం వాద్యాన్ని పక్కన పెట్టి వంటవాడై, పిమ్మట భోజనశాల నడిపి, ఆ వృత్తిలో చాలాకాలం మన్నన పొందారు. ముగ్గురిలో ప్రశాంతంగా బయటపడినవారు ఆయనే అనిపిస్తుంది.

పొలంలోని ఇల్లు

అప్పటికి మోల్డ్ వయస్సు ఇరవై ఏడు. మిన్నెసోటాలోని పైన్ సిటీ అనే ఊరి సమీపంలో ఒక పొలంలోని ఇంట ఆయన ఒంటరిగా నివసించారు. ఇంతకాలం హోరుకు అలవడిన చేతులు ఇప్పుడు తీగల సహజనాదం వెతుక్కున్నాయి. ఆ పాటలతో 1989లో వర్జిన్ సంస్థ ద్వారా వెలువడిన ‘వర్క్‌బుక్’ ఆయన సొంత పేరుతో వచ్చిన మొదటి ఆల్బమ్. మొదటి రచన మాటలు లేని గిటారు వాద్యం! హూస్కర్ డూ అభిమానులు సూదిని సరియైన రికార్డు మీదనే ఉంచామా అని సందేహించి ఉంటారు. జేన్ స్కార్పంటోని వాయించిన చెల్లో ఆ పాటలకు ఒక గంభీరమైన విషాదాన్ని చేకూర్చింది. డ్రమ్స్‌కు ఆంటన్ ఫియర్, బాస్‌కు టోనీ మైమోన్ సహకరించారు. వారు నిష్ణాతులు, కాని పిలిస్తే వచ్చినవారు. అనగా మోల్డ్ ఇప్పుడు మన కచేరీ పద్ధతికి వచ్చారన్న మాట.

మా దృష్టిలో ఆయన జీవితంలోని అసలు మలుపు ఇదియే. విడిపోయిన పిమ్మట మోత తగ్గించడం పైకి కనిపించే మార్పు మాత్రమే. లోపలి మార్పు ఏమనగా, ఇక మీదట ఆయన పాటకు ఎదురుగా మరొక రచయిత పాట నిలువదు. పదకొండు, తొమ్మిది అన్న లెక్క ఉండదు. ఇరవైకి ఇరవై తనవే. ఇది స్వేచ్ఛ. ఇందులో ఒక లోటు కూడ ఉన్నది. ‘ఈ పాట బాగుండలేదు’ అనగల సమాన భాగస్వామి ఇక లేడు. 1990లో వచ్చిన ‘బ్లాక్ షీట్స్ ఆఫ్ రెయిన్’ విన్నప్పుడు ఆ లోటు మాకు స్పష్టంగా తెలియవచ్చింది. కోపం ఉన్నది, బలం ఉన్నది, కాని పాట వెనుక పాట ఒకే కారుమబ్బు కింద నడుస్తుంది. ఎవరైనా ఒకరు కిటికీ తెరిస్తే బాగుండునని వినేవారికి తోస్తుంది. ఆ తరువాత వర్జిన్‌తో సంబంధం తెగింది. మోల్డ్ గిటారు పట్టుకుని ఊరూరా ఒంటరిగా పాడుతూ తిరిగారు.

చక్కెర పొట్లం

ఈ ఒంటరి ప్రయాణాలలో కూడబెట్టిన పాటలతో మరల ముగ్గురి బృందాన్ని కూర్చుకోవాలన్న ఆలోచన కలిగింది. జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్ పట్టణానికి చెందిన డేవిడ్ బార్బ్ బాస్, అంతకు ముందు మోల్డ్ నిర్మాణంలో రికార్డు చేసిన ఒక బృందపు సభ్యుడు మాల్కమ్ ట్రావిస్ డ్రమ్స్. బృందానికి పేరు కావాలి. ఏథెన్స్‌లో ఒక ఫలహారశాలలో కూర్చుని ఉండగా బల్ల మీది చక్కెర పొట్లం కంటపడింది. ‘షుగర్’ అని పేరు పెట్టారు. ఒక బృందానికి నామకరణం ఇంత తేలికగా జరగడం చూస్తే, ఒక్కొక్క విభాగం పేరు మార్పునకు మనం నడిపే ఫైళ్ళు తలపునకు వస్తాయి.

1992 సెప్టెంబరులో షుగర్ తొలి ఆల్బమ్ ‘కాపర్ బ్లూ’ వెలువడింది. హూస్కర్ డూ మోత, వర్క్‌బుక్ రాగసౌష్ఠవం, బాల్యంలో విన్న పాప్ పాటల తీయదనం మూడూ ఇందులో కలిశాయి. కాలం కూడ కలిసివచ్చింది. ముందు సంవత్సరమే నిర్వాణా విజయం వలన లోకం చెవులు ఈ తరహా సంగీతానికి తెరుచుకున్నాయి. తాను వేసిన దారిలో తనకంటె చిన్నవారు ముందు నడిచి తలుపు తీయగా, ఆ తలుపున ఆయన ప్రవేశించారు. బ్రిటిష్ సంగీత వారపత్రిక ఎన్‌ఎంఈ దీనిని 1992 సంవత్సరపు ఉత్తమ ఆల్బమ్‌గా ఎంపిక చేసింది. అవే రోజులలో రికార్డు చేసిన, మరింత చీకటి గల పాటలను 1993లో ‘బీస్టర్’ పేరుతో విడుదల చేయగా బ్రిటన్‌లో అమ్మకాల పట్టికలో మూడవ స్థానం లభించింది. మోల్డ్ జీవితంలో జనాదరణ దృష్ట్యా ఇదియే శిఖరం.

షుగర్ బృందమా, లేక మోల్డ్ సొంత సంగీతానికి పెట్టిన మరొక పేరా? పాటలలో దాదాపు అన్నీ ఆయనవే, నిర్ణయాలు ఆయనవే. 1994లో మూడవ రికార్డు సన్నాహాలలో ఒక స్టూడియోలో చాలావరకు పని జరిగిన తరువాత, ఫలితం నచ్చక టేపులు చెరిపివేసి మరొకచోట మొదటినుంచి ప్రారంభించారు. ముగ్గురు సమాన భాగస్వాములున్న చోట ఒకరు ఇట్లు చేయగలరా అన్నది ఆలోచించదగినది. అట్లని షుగర్‌ను ఉత్త పేరుగా తీసివేయడం కూడ న్యాయం కాదు. బార్బ్ స్వయంగా గేయకర్త. ఆ మూడవ రికార్డులో ఆయన పాట ఒకటి చోటు చేసుకున్నది. ట్రావిస్ డ్రమ్స్ దరువు వేరొకరిది అయితే కాపర్ బ్లూ అట్లు పలికేది కాదు. బృందం అంటే సమాన అధికారం ఒక్కటే కాదు, కొందరు నిర్దిష్టమైన మనుషులు కలిసినప్పుడే పుట్టే ఒక ధ్వని కూడ. షుగర్‌లో మొదటిది లేదు, రెండవది ఉన్నది.

దీని ముగింపు హూస్కర్ డూ వలె విషాదాంతం కాదు. బార్బ్‌కు చిన్నపిల్లలున్నారు, నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండడం ఆయనకు ఇష్టం లేకపోయింది. 1995లో షుగర్ విరామం పుచ్చుకున్నది. బార్బ్ స్వస్థలంలో రికార్డు నిర్మాతగా స్థిరపడి, పిమ్మట జార్జియా విశ్వవిద్యాలయంలో సంగీత వ్యాపార విద్యా విభాగానికి సంచాలకుడైనారు.

ఒంటరితనపు అంచు

1996లో వచ్చిన ఆల్బమ్‌కు తన పేరునే పెట్టి, అన్ని వాద్యాలు తానే సమకూర్చి, డ్రమ్స్‌ను కూడ యంత్రంతో నడిపించారు. అందులోని ఒక పాటకు ఆయన పెట్టిన శీర్షికకు అర్థం, ఆల్టర్నేటివ్ రాక్ అంటే నాకు అసహ్యమని. ఆ సంగీతానికి పునాది వేసినవారిలో ఒకరు ఆ మాట అనడం విశేషమే. 1998లో మరొక ఆల్బమ్, దానితో బృందసమేతంగా పెద్ద మోత యాత్రలకు స్వస్తి అని ప్రకటన. ఆ పైన కొన్ని నెలలు ఒక వృత్తి మల్లయుద్ధ సంస్థకు కథారచనలో సలహాదారు! బాల్యం నుంచి ఆయనకు కుస్తీలంటే మోజు. 2002లో కంప్యూటర్ వాద్యాలతో ‘మాడ్యులేట్’ వచ్చింది. పాత అభిమానులు ముఖం చిట్లించారు. మాకు కూడ అది ప్రయోగశాల నివేదికగానే తోచింది. తన స్వలింగాభిరుచి 1994లో పత్రికాముఖంగా వెల్లడి అయిన పిమ్మట, ఆ సమాజంతో కలిసి మెలిసి బ్రతకడం ఈ కాలంలోనే నేర్చుకున్నానని ఆయన 2011లో వెలువరించిన ఆత్మకథలో విపులంగా వ్రాసుకున్నారు. వాషింగ్టన్‌లో రిచర్డ్ మోరెల్‌తో కలిసి నడిపిన నృత్య సంగీత రాత్రులు పదేళ్ళకు పైగా సాగాయి.

గిటారుకు తిరిగిరావడం 2005లో ‘బాడీ ఆఫ్ సాంగ్’తో మొదలైనది. కాని అసలు పునరాగమనం 2012 నాటి ‘సిల్వర్ ఏజ్’. బాస్‌కు జేసన్ నార్డూసీ, డ్రమ్స్‌కు జాన్ వర్‌స్టర్. అప్పటినుంచి 2014లో ‘బ్యూటీ అండ్ రూయిన్’, 2016లో ‘ప్యాచ్ ది స్కై’, 2019లో ‘సన్‌షైన్ రాక్’, 2020లో ‘బ్లూ హార్ట్స్’, 2025 మార్చిలో ‘హియర్ వీ గో క్రేజీ’. అన్నింటిలోనూ ఈ ముగ్గురే. నడుమ తండ్రి మరణం, తల్లి మరణం, బెర్లిన్ నివాసం వంటి ఘట్టాలు ఆ పాటలలో తమ నీడలు వేశాయి. ఆల్బమ్ అట్టలపై ఉండేది ఒకే పేరు. ఇక లెక్క చూడండి. హూస్కర్ డూ రికార్డులు వెలువరించిన కాలం అయిదారేళ్ళు; షుగర్ మూడేళ్ళు. ఏ పేరూ లేని ఈ ముగ్గురి కూటమి అంతకు రెట్టింపు కాలం నిలిచింది.

దీనికి కారణం మాకు ఇట్లు తోస్తున్నది. నార్డూసీ, వర్‌స్టర్ ఇద్దరికీ వేరే బృందాలు, వేరే వ్యాపకాలు ఉన్నాయి. వర్‌స్టర్ సూపర్‌చంక్ బృందంలో చాలాకాలం డ్రమ్స్ వాయించినవారు, హాస్యరచయిత కూడ. ఇక్కడ పాట ఎవరిదన్న తగవు లేదు, అది ముందే తేలిపోయింది. ఎవరి ఆశలన్నీ ఒకే గంపలో లేవు. మన కార్యాలయ పరిభాషలో చెప్పాలంటే వారు డెప్యుటేషన్‌పై వచ్చినవారు. మాతృసంస్థ వేరే ఉన్నది. హద్దులు తెలిసిన చోట స్నేహం నిలకడగా ఉంటుంది. కాని హద్దులు తెలియని చోట పుట్టిన జెన్ ఆర్కేడ్ వంటి ఆశ్చర్యం ఈ ఆల్బమ్‌లలో ఉన్నదా? సిల్వర్ ఏజ్ మాకు ఎంతో ప్రీతిపాత్రమైనది. అయినను ఆ ప్రశ్నకు ‘ఉన్నది’ అని సమాధానం చెప్పలేకున్నాము.

మిగిలిన రెండవ సగం

హార్ట్ సంగతి చెప్పక ఈ వ్యాసం పూర్తి కాదు. ఆయన కూడ అచ్చంగా ఇదే దారిలో నడిచారు. 1989లో సొంత ఆల్బమ్ ‘ఇన్‌టాలరెన్స్’, పిమ్మట నోవా మాబ్ అనే బృందం, అది ముగిసిన తరువాత మళ్ళీ ఒంటరి రికార్డులు. 2013లో మిల్టన్ మహాకవి ‘ప్యారడైజ్ లాస్ట్’ ఆధారంగా ‘ది ఆర్గ్యుమెంట్’ అనే ఆల్బమ్ చేశారు; అది ఆయన రచనలలో ఉత్తమమైనదని మా అభిప్రాయం. మోల్డ్‌కు దక్కిన ఆదరణ, వసతులు ఆయనకు దక్కలేదు. ఇద్దరూ పత్రికలలో ఒకరిపై ఒకరు విసుర్లు విసురుకుంటూ ఏళ్ళు గడిపారు. 2004లో ఒక తోటి కళాకారుని క్యాన్సర్ చికిత్స కొరకు మినియాపొలిస్‌లో జరిగిన సహాయార్థ కచేరీలో ఇద్దరూ ఒకే వేదికపై రెండు పాటలు పాడారు. రెండే. ఒకటి మోల్డ్ రచన, ఒకటి హార్ట్ రచన. లెక్క సరిపోయింది.

2017 సెప్టెంబరులో హార్ట్ క్యాన్సర్‌తో కన్నుమూశారు. వయస్సు యాభై ఆరు. అప్పుడే మోల్డ్ ఆ రికార్డుల దుకాణం, గుమ్మం వద్ద స్పీకర్లు, లోపల ఒంటరిగా ఉన్న కుర్రవాడు అన్న జ్ఞాపకాన్ని లోకంతో పంచుకున్నారు. ఆ తరువాత రెండు నెలలకు హూస్కర్ డూ తొలినాళ్ళ రికార్డింగుల సంపుటి వెలువడింది. దానిని చూడడానికి హార్ట్ లేరు. ఆ సంపుటిలో ఎస్‌ఎస్‌టి కాలం నాటి ప్రధాన ఆల్బమ్‌ల స్టూడియో రికార్డింగులు లేవు. ఆ హక్కులు ఆ సంస్థ వద్దనే ఉన్నాయి. 3,200 డాలర్లతో తయారైన జెన్ ఆర్కేడ్‌ను కొత్త సాంకేతిక పరిజ్ఞానంతో మెరుగుపరచి తిరిగి ముద్రించుకునే భాగ్యం దానిని సృష్టించిన వారికి దక్కలేదు. ఒప్పందంపై సంతకం చేసినప్పుడు వారికి ఇరవై, ఇరవై రెండేళ్ళు. పాటలు కట్టే యువతీయువకులు మన టౌన్‌షిప్పులలో కూడ ఉన్నారు. రికార్డింగు హక్కు, రచన హక్కు వేర్వేరు అన్న సంగతి వారు తెలుసుకుని ఉండడం మంచిది.

2012లో కాపర్ బ్లూ వచ్చి ఇరవై ఏళ్ళయిన సందర్భంగా మోల్డ్ ఆ పాటలన్నింటినీ వేదికలపై వరుసగా వినిపించారు. కాని ఆయన పక్కన ఉన్నవారు నార్డూసీ, వర్‌స్టర్. బార్బ్, ట్రావిస్ కారు. అందుచేత దానిని షుగర్ కచేరీ అని ప్రకటించలేదు. పాటలు తనవే అయినా పేరు తనది మాత్రమే కాదన్న ఆ పట్టింపు గమనించదగినది. పదమూడేళ్ళ తరువాత, 2025 అక్టోబరులో, షుగర్ ముగ్గురూ తిరిగి కలిసినట్లు ప్రకటన వెలువడింది. దానితోపాటు ఒక కొత్త పాట విడుదలైనది. 2026లో న్యూయార్క్, లండన్ నగరాలలో కచేరీలను కూడ ప్రకటించారు. పిల్లలను విడిచి ఉండలేక 1995లో ఇంటిదారి పట్టిన బార్బ్ మళ్ళీ బాస్ చేపట్టారు. ఆయన పిల్లలు పెద్దవారైనారు.